మా పీలికలు ఉతికిన మహానుభావులు

లోకంలో ప్రతి ఊరికీ ఏడాదికి ఒక్కసారైనా విదేశీ వాలంటీర్లు రావాలి. రాని ఊళ్లను తలచుకుంటే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్ల ఏనుగులను ఎవరు కాపాడతారు?

మాకా బెంగ లేదు. లువాంగ్వా నది పక్కన ఉన్న మా ఊరికి మూడేళ్లుగా బ్యాచ్ తర్వాత బ్యాచ్ దిగుతోంది. అందరికీ పద్దెనిమిదీ పంతొమ్మిదేళ్లు. స్కూలు అయిపోయింది, కాలేజీ ఇంకా మొదలవలేదు. ఆ మధ్య ఖాళీలో మేమైతే ఏం చేస్తాం? చేలో కలుపు తీస్తాం. వాళ్లు విమానమెక్కి వచ్చి మా ఏనుగులను రక్షిస్తారు! ఎంత తేడా!

వాళ్లు రాకముందు మేమెంత తెలివితక్కువగా బతికామో తలచుకుంటే సిగ్గేస్తుంది. ఏనుగు అడుగు కనిపిస్తే "అదిగో, అటు పోయింది" అనుకుని మేం ఇటు పోయేవాళ్లం. అంతే! ఇప్పుడలా కాదు. ఆరుగురు ఆ అడుగు చుట్టూ మోకాళ్ల మీద కూర్చుంటారు. టేపుతో కొలుస్తారు. కాగితం మీద రాస్తారు. పక్కన చెయ్యి పెట్టి ఫోటో తీసుకుంటారు. ఈలోగా ఏనుగు తను వెళ్లాల్సిన చోటికి నింపాదిగా వెళ్లిపోతుంది. దాన్ని తొందరపెట్టకపోవడం కూడా సంరక్షణే కదా!

మా చదువూ పెరిగింది. నడక రాని పాపాయిలు కూడా "హౌ ఆర్ యూ", "ఫైన్" అంటున్నారు. కడుపునొప్పిగా ఉందని ఇంగ్లీషులో చెప్పడం మాత్రం ఎవరికీ రాదు. అందుకే వాళ్ల రిపోర్టుల్లో మా ఊరంతా ఎప్పుడూ ఫైన్!

కానీ వాళ్ల అసలు గొప్పతనం పరిశుభ్రత. గురువారం క్లీనింగ్ డే.

మా మొక్కజొన్న చేను చుట్టూ నారతాడు కట్టి ఉంటుంది. దానికి నాలుగు గజాలకో పాతగుడ్డ పీలిక. ఎండుమిరపకాయలు దంచి, లారీ ఇంజన్లోంచి తీసేసిన ఆయిల్లో కలిపి, ఆ పీలికలు ముంచి కడతాం. ఆ ఘాటుకి ఏనుగు తొండం ముడుచుకుని పక్కకు తిరుగుతుంది. దంచిన రోజు నుంచి మూడు రోజులు మా అమ్మమ్మా నేనూ పోటీపడి తుమ్ముతాం. చూడటానికి మాత్రం అవి ఒట్టి మురికిగుడ్డలు. ఆ మాట ఒప్పుకోవాలి.

పోయిన ఏడాది, సరిగ్గా కంకులు పాలుపట్టిన వారం, ఒక గురువారం మధ్యాహ్నం నేను గట్టు మీద కూర్చుని ఉన్నాను. హారియెట్ అనే అమ్మాయి, టోబీ అనే అబ్బాయి, ఇంకో నలుగురు సంచులు పట్టుకుని వచ్చారు. మా పీలికలు చూడగానే హారియెట్ ముఖం ఎంత దీనంగా అయిపోయిందో! ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టింది.

నేనేం చేశాను? లేచాను. నోరు తెరిచాను. తెలిసినవాళ్ల ముందే నాకు మాట పెగలదు. అలాంటిది ఆరుగురు కొత్తవాళ్ల ముందు, అదీ ఇంగ్లీషులో! బడిలో నేర్పిన వాక్యాలన్నీ బుర్రలో గబగబా వెతికాను. "మే ఐ గో అవుట్, సర్" ఒక్కటే దొరికింది. అది పనికొచ్చేలా లేదు.

"హౌ ఆర్ యూ?" అంది హారియెట్.

"ఫైన్" అన్నాను.

మరి ఆ పీలికలు పారేశారనుకున్నారా? ఛ! వాళ్లంత మొరటువాళ్లు కాదు. బోరింగు దగ్గరకు తీసుకెళ్లి తమ సొంత చేతులతో, సొంత సబ్బుతో ఉతికారు. మధ్యలో హారియెట్ చెమట తుడుచుకోబోయి కళ్లు తుడుచుకుంది. ఇక చూడండి, కన్నీళ్లు ధారగా! ఓదార్చబోయి టోబీ ఆమె కళ్లు తుడిచాడు. అవీ మిరపకాయ చేతులే! ఆనక తన కళ్లు తుడుచుకున్నాడు. ఆ ఫోటో ఇప్పుడు వాళ్ల క్యాంపు గేటు దగ్గర బోర్డు మీద ఉంది. కింద "ఈ ఊరు మా మనసులను తాకింది" అని రాశారు.

సాయంత్రానికి అరవై పీలికలూ ఆరబెట్టి, చక్కగా మడతలు పెట్టి, మా గుమ్మంలో ఉంచారు. మా పద్ధతిలోనే మోకాళ్లు వంచి, మెల్లగా చప్పట్లు కొట్టి మరీ వెళ్లారు. ఎంత మర్యాద!

అమ్మమ్మ ఒక మడత విప్పి వాసన చూసింది.

"ఏమే, ఇది సబ్బు కదూ?"

తల ఊపాను.

"వాళ్లు విప్పుతుంటే నువ్వెక్కడ తగలడ్డావు?"

"అక్కడే ఉన్నా."

"అక్కడే ఉండి ఏం చేశావు?"

"ఫైన్ అన్నా."

"నోట్లో మొక్కజొన్నపిండి న్సిమా ముద్ద కుక్కుకున్నావటే! అది కూడా వచ్చే ఏడు ఉండదులే, అప్పుడు తీరిగ్గా మాట్లాడుదువు గాని!"

మిరపకాయలు మళ్లీ దంచే వ్యవధి ఎక్కడిది? తెల్లారేసరికి మా అత్తగారు వచ్చి వెళ్లింది. అత్తగారంటే ఒక దంతం విరిగిన పెద్ద ఆడ ఏనుగు. చెప్పకుండా వచ్చి, అన్నీ తడిమి, ఏదీ బాగోలేదన్నట్టు తొక్కేసి పోతుందని అమ్మమ్మ పెట్టిన పేరు. చేను సగం పోయింది. ఆ ఏడు మా ఇంట్లో ఒక పూటే పొయ్యి వెలిగింది. చేను పోయిన రోజు నా డైరీలో ఒక్క మాటే రాశాను: "ఫైన్."

కబురు తెలిసి వాలంటీర్లు పరిగెత్తుకొచ్చారు. విరిగిన మొక్కల మధ్య అత్తగారి అడుగు దొరికింది. టేపు తీశారు. ఆ సీజన్లో వాళ్లు కొలిచిన అడుగుల్లో అదే పెద్దదట! హారియెట్ సంతోషం పట్టలేక నన్ను కావలించుకుంది.

వెళ్లేరోజు ఆమె తన టీషర్టు నాకిచ్చింది. ముందు ఏనుగు బొమ్మ, వెనక "నేను ఏనుగులను కాపాడాను" అనే అక్షరాలు. ఆదివారం చర్చికి వేసుకుందామని ముచ్చటపడ్డాను. అమ్మమ్మ దాన్ని వేళ్లతో నలిపి చూసింది.

"మంచి దళసరి గుడ్డే. ఆయిల్ బాగా పీలుస్తుంది."

పద్నాలుగు పీలికలు వచ్చాయి! ఈ ఏడు అవి కట్టిన వైపు అత్తగారు ఇంతవరకూ తొంగిచూడలేదు. ఇప్పుడు చెప్పండి, వాలంటీర్లు మాకు అవసరమా, కాదా? రావాలి. కొంచెం లావుపాటివాళ్లు వస్తే ఇంకా మంచిది.

నిన్న సోమవారం కొత్త బ్యాచ్ దిగింది. కంకులు మళ్లీ పాలుపట్టాయి. ఎల్లుండి గురువారం.

వచ్చినవాళ్లందరూ నా పేరు అడిగారు, వయసు అడిగారు, ఫోటో తీసుకోవచ్చా అని అడిగారు. తాడు చూపించి "ఇదెందుకు కట్టారు?" అని మూడేళ్లలో ఒక్కరూ అడగలేదు. అందుకే ఇంగ్లీషులో ఒక వాక్యం తయారుచేసుకున్నాను: "దయచేసి దాన్ని ముట్టుకోకండి." పది రోజులుగా మేకల ముందు నిలబడి గట్టిగా చెప్పి చూస్తున్నాను. మొదటి రోజు అవి నవ్వినట్టే అనిపించింది. ఇప్పుడు తాడు దగ్గరకు రావడం మానేశాయి.

గురువారం పొద్దున్నే గట్టు మీద ఉంటాను. "హౌ ఆర్ యూ" అని ఎవరైనా అడగనీ, ఈసారి ఫైన్ అనను.