ఫైర్‌వాల్లో మొదటి వరస

ఆ సంస్థ ఫైర్‌వాల్ అత్యంత పకడ్బందీగా ఉందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అది రక్తపరీక్షల సంస్థ. రోగి చేతికి రిపోర్టు కాగితం మీద ఇచ్చి, నకలును క్లౌడ్‌లో, అంటే ఎక్కడో అద్దెకు తీసుకున్న కంప్యూటర్లలో దాచేవారు. అక్కడికి ఎవర్ని రానివ్వాలో, ఎవర్ని ఆపాలో చూసే కాపలా యంత్రమే ఫైర్‌వాల్. దానికిచ్చే ఆజ్ఞలు ఒక కాన్ఫిగరేషన్ ఫైలులో వరసలుగా రాసి ఉండేవి. మొత్తం నాలుగు వేల పన్నెండు వరసలు. ఇంత పొడవైన ఫైలు ఇంకెవరికీ లేదని వార్షిక నివేదికలో రంగుల బొమ్మతో సహా వేసుకున్నారు.

ఆ ఫైలు చూసుకునే ఇంజనీరును ఆఫీసంతా గేటమ్మ అనేవారు. యంత్రం ఫైలును పైనుంచి చదువుతుందనీ, వచ్చినవాడికి సరిపోయే వరస ఏది ముందు తగిలితే దానికే తలొగ్గి, కిందికి చూడనే చూడదనీ ఆవిడకు తెలుసు. మిగతావాళ్లకు తెలిసింది ఒక్కటే, పైనున్నవాడు పెద్దవాడు. అందుకని వరసలన్నీ హోదా ప్రకారం ఉండేవి. ప్రమోషన్ వస్తే జీతంకంటే ముందు వరస పెరిగేది. పోయినవారి వరసలు తీసెయ్యడం బాగుండదని, వాటి పక్కన 'కీర్తిశేషులు' అని చేర్చారు. పెద్దల వరసలు చదవడం అమర్యాద గనక, చేరి రెండేళ్లయినా గేటమ్మ మొదటి పేజీ తెరవలేదు.

ఒకరోజు ఆవిడకు చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, మీ దగ్గరే టెస్ట్ చేయించుకున్నానే. మా అత్తగారికి తెలిసిందంటే నా బతుకు బస్టాండే. ఎవరూ చూడరుగా?"

"నేనుండగా ఎవరు చూస్తారే, మొద్దూ!"

అనడమైతే అంది గానీ మనసు ఊరుకోక, మర్యాద పక్కనపెట్టి మొదటి పేజీ తెరిచింది.

మొదటి వరస సలహాదారుగారిది. ఆయన డైరెక్టరుగారి బావమరిది. ఆరేళ్ల కిందట విహారయాత్రలో ఫోనులో ఏదో తెరుచుకోక, విసుగొచ్చి స్వయంగా రాయించిన వరస: 'ఎవరైనా, ఎక్కడినుంచైనా రావచ్చు.' పక్కన, 'తాత్కాలికం'. మిగతా నాలుగు వేల పదకొండు వరసలకేసి యంత్రం ఆరేళ్లుగా కన్నెత్తి చూడలేదన్నమాట.

ఆ వరస తీసెయ్యాలని గేటమ్మ అర్జీ పెట్టుకుంది. సభ కూడింది. సలహాదారుగారు లేచారు.

"పారదర్శకత, పారదర్శకత అని అందరూ అంటారు. చేసి చూపించింది నేనొక్కణ్ణే! ఏమ్మా, తలుపు మూసుకుని ఎదిగినవాళ్లను చూశావా ఎక్కడైనా?"

చప్పట్లు మోగాయి. వరసను కదపరాదనీ, భద్రత మరింత పెంచేందుకు ఫైలు అడుగున ఇంకో యాభై వరసలు చేర్చాలనీ ఏకగ్రీవంగా తీర్మానించారు.

గేటమ్మ నలుగురు తోడికోడళ్ల మధ్య ఇరవై ఏళ్లు నెగ్గుకొచ్చిన మనిషి. సభ ముగిశాక, సభలకు రాని అలవాటున్న డైరెక్టరుగారి గదిలోకి వెళ్లి, ఫైళ్లు సర్దుతూ నిట్టూర్చింది.

"మీ మంచితనం ఎవరికొస్తుంది సర్. ఇన్నేళ్లుగా రెండో వరసలో ఉండి కూడా ఒక్క మాటనలేదు."

"రెండోదా? మరి మొదటిది ఎవరిది?"

"మీ బావమరిదిగారిది సర్."

డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచారు. "ఇంట్లో ఎలాగూ వాడి మాటే చెల్లుతోంది. ఇక్కడ కూడా నా నెత్తినేనా? ముందు నాది పైన పెట్టండి! ఏం రాద్దాం?"

"మీ హోదాకు తగ్గట్టుగా, 'నా సంస్థవాళ్లు తప్ప ఎవరూ రారాదు' అని సర్."

'నా సంస్థ' అన్నది ఆయనకు తెగ నచ్చింది. సంతకం పడింది. మధ్యాహ్నం మూడింటికి, టీతోపాటు, ఆజ్ఞ అమల్లోకి వచ్చింది. ఆరేళ్లలో మొదటిసారి తలుపు మూసుకుంది. గేటమ్మ మెట్ల దగ్గరికి పరిగెత్తి, చెల్లెలికి ఫోన్ చేసి, "ఇక గుండెల మీద చెయ్యేసుకుని పడుకోవే" అంది.

నాలుగింటికల్లా ఫిర్యాదులు మొదలయ్యాయి. అయిదింటికి తొమ్మిది వేలు. సిబ్బందివి కావు, అన్నీ బయటివాళ్లవే. పెళ్లి సంబంధం ఖాయం చేసుకోవాలి, అమ్మాయి రిపోర్టు రావడం లేదని ఒకరు. ఉద్యోగంలోకి తీసుకునే ముందు మనిషి రక్తం చూడటం తమ ఆనవాయితీ అని మరొకరు. రోజూ కాఫీ తాగుతూ ఎదురింటివాళ్ల రిపోర్టులు చదువుకునే పెద్దాయన, ఈ వయసులో తన అలవాట్లు మార్చడం న్యాయమా అని నిలదీశారు.

నలభై ఒకటో ఫిర్యాదు దగ్గర గేటమ్మ చెయ్యి ఆగింది. రాసింది చెల్లెలి అత్తగారు.

'మా కోడలి రిపోర్టు మొదటి పేజీ చదివి, కళ్లజోడు తుడుచుకునేలోగా మూసేశారు. దయచేసి రెండో పేజీ పంపగలరు.'

ఫిర్యాదులన్నిటికీ వరసగా జవాబిస్తామని సంస్థ హామీ ఇచ్చింది. మీకింకా జవాబు రాలేదంటే కంగారు పడకండి. మీ రిపోర్టు కోసం రాసిన మీ పక్కింటివారు మీకంటే ముందున్నారు.