భీమశంకరం పట్టీల డబ్బా

భోపాల్‌పట్నంలో బట్టల కొట్టు నడిపే భీమశంకరం పేరుకే భీముడు. టమాటా కోస్తుంటేనే మొహం తిప్పుకునే మనిషి. అలాంటివాడు ఉసూరు సంతకు బయల్దేరుతూ ప్రథమ చికిత్స డబ్బా చంకన పెట్టుకుంటే భార్య కమలాకుమారి ఆశ్చర్యపోయింది.

"ఏందది?"

"అడవి దారి. గొడ్డలి తగిలి నెత్తురు ధారకట్టిందనుకో, ఏం జేస్తం? పట్టీలుండాలె గదా!"

అబద్ధమేమీ లేదు, డబ్బా నిండా పట్టీలే. కాకపోతే పల్లీ పట్టీలు. ఆయనకు షుగరొచ్చినప్పటి నుంచి కమల ఇంట్లోకి బెల్లం రానివ్వడం లేదు. హిందీలో గాయానికి కట్టేదీ పట్టీయే, మనం బెల్లంతో చేసేదీ పట్టీయే. రెండు భాషలు వచ్చినందుకు ఇన్నాళ్లకు లాభం కనబడిందని శంకరం మురిసిపోయాడు.

"మంచి బుద్ధి పుట్టింది. నేనూ వస్త," అంది కమల. ఆయన మురిపెం సగం చచ్చింది.

కొంత దూరం పోయాక జీపు దారికి అడ్డంగా చెట్టు కూలి ఉంది. కొమ్మలు నరుకుతుంటే మూటలు మోసే మంగ్లూ చేతిలో గొడ్డలి జారి పిక్కలో దిగింది. నెత్తురు చిమ్మింది.

"సేఠ్, పట్టీ! జల్దీ పట్టీ!" అని మంగ్లూ కేకపెట్టాడు.

శంకరానికి ముచ్చెమటలు పోశాయి. ప్రాణం మీదికొచ్చినవాడికి పల్లీలు చూపించాలా? తన నాలుకను తానే తిట్టుకుంటూ డబ్బా తెరిచాడు.

లోపల గాజుగుడ్డ మడతలు, వెడల్పాటి కట్టుగుడ్డలు, చేతి తొడుగులు.

"గుడ్లప్పగించి చూసుడు తర్వాత! తొడుగులేసుకో. తెగినకాడ గుడ్డ పెట్టి రెండు చేతుల్తో గట్టిగ ఒత్తు!" అంది కమల.

"నాకు కళ్లు తిరుగుతున్నయే!"

"మూసుకో. ఒత్తుటానికి కళ్లెందుకు?"

"ఆగిందేమో తీసి చూస్త..."

"చెయ్యి తీసినవంటే ఊరుకోను!"

"నువ్వెప్పుడు ఊరుకున్నవ్?"

తడిసిన గుడ్డ తీయకుండా దానిమీదే ఇంకోటి వేయించి, కమల కట్టు బిగించింది. డ్రైవర్ జీపు వెనక్కి తిప్పాడు. దవాఖానా వచ్చేదాకా శంకరం కళ్లు తెరవలేదు, చేతులూ తీయలేదు.

"ఇట్లా ఒత్తి పట్టబట్టే మనిషి దక్కాడు," అన్నాడు డాక్టరు. కబురంది వచ్చిన మంగ్లూ భార్య జోగే, శంకరం రెండు చేతులూ కళ్లకద్దుకుంది. జన్మలో మొదటిసారి తన పేరుకు తాను సరిపోయాడనిపించింది ఆయనకు.

బయటికొచ్చాక గొంతు తగ్గించి అడిగాడు. "నీకెట్ల తెలిసింది?"

"దవాఖానా పట్టీలకు చీమలు బారులు కడతయా?"

"మరి నా పట్టీలు?"

"నువ్వు జీపుకు మూటలెక్కిస్తున్నప్పుడు తీసి వాడ పిల్లలకు పంచిన. నీ పేరే చెప్పిన."

ఈలోగా బజారు జనమంతా దవాఖానా ముందు పోగయ్యారు. శంకరం మెడలో దండ పడింది. ఆయన ఛాతీ విరిచాడు.

"ఇకనుంచి అడవికి పోయే ప్రతి జీపుకూ డబ్బా నేనే సర్దుత!"

"మోసుడు ఆయన పని," అంది కమల అందరికీ వినబడేలా. "సర్దుడు నా పని."

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది శంకరమే.