లూ మాస్టారి బంగారు నోట్లు

ఆ రోజుకి పో-యెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఆఫీసుకి వస్తూ దారిలో పూజ సామాన్ల కొట్టు దగ్గర ఆగి, ఏడో నెలలో పోయినవాళ్ళకి డబ్బు చేరాలని పూజలో కాల్చే వెండి కాగితం రెండు కట్టలు కొనాలి. మధ్యాహ్నం పూజ. సాయంత్రం నాలుగింటికి తైపే నుంచి షియే గారు వస్తారు, ఆవిడ ముందు కొత్త ఆట పరిచి, ఆడించి, మెప్పించాలి. ఇంతే. ఇందులో మొదటి పని అతను శుభ్రంగా మరిచిపోయాడు.

మరిచిపోవడంలో వింతేమీ లేదు. తైనాన్‌లో ఓ సందు చివర, కింద గిడ్డంగీ పైన ఆఫీసూ ఉన్న 'మూడు తాబేళ్ళు' బోర్డు ఆటల కంపెనీలో అతని పని ఆటల నియమాలు సరిచూడటం. స్కూటరెక్కాడంటే చాలు, కళ్ళు రోడ్డు మీద, మనసు పాచికల మీద. అన్నం తిన్నాడో లేదో కూడా పక్కవాళ్ళని అడిగి తెలుసుకునే రకం.

పైగా ఈ కొత్త ఆట అతని ప్రాణం. పేరు 'రాత్రి బజారు'. తయారుచేసింది లూ మాస్టారు, రిటైరైన లెక్కల టీచరు. ఆయన భార్య ఆ-యింగ్ బతికున్నన్నాళ్ళూ రాత్రి బజారులో నూడుల్స్ బండి నడిపింది. ఆవిడ బేరం తీరే వేరు. ఎంత నోటిచ్చినా చిల్లర తిరిగివ్వదు, గిన్నెలో ఇంకో ఉడికిన గుడ్డు వేసి "తిను, నోర్మూసుకో" అంటుంది. ఆటలో కూడా ఆ బండి ఉంది, ఆ నియమమూ ఉంది. మాస్టారు పూజ కాగితాల కొట్టులోనే ముతక పసుపు కాగితం, బంగారు రేకూ కొని, ఆటకి కావలసిన నోట్లన్నీ తన చేత్తోనే కుంచెతో గీశాడు. పెద్ద నోటు మీద నవ్వుతున్న ఆ-యింగ్ బొమ్మ. అవి ఒక్క జతే ఉన్నాయి. రెండో జత గీసే ఓపిక ఆయన కళ్ళకి లేదు.

"ఈ ఏడాది మూడు ఆటలు వేశాం, మూడూ గిడ్డంగిలోనే కాపరం పెట్టాయి," అన్నాడు యజమాని కో గారు వారం కిందట. "పుస్తకాల దుకాణాల వాళ్ళ తరఫున ఆ షియే గారు సరేనంటే అచ్చు. కాదంటే అటక. ఇక నన్నడక్కు."

పో-యెన్ ఆ మాట మాస్టారికి చెప్పలేదు. "ఆట వస్తుంది మాస్టారూ, నాదీ పూచీ," అని మాత్రం చెప్పాడు.

సరే, మధ్యాహ్నం వీధిలో బల్లలు వేశారు. ప్యాకెట్ల నూడుల్స్, డబ్బా పానీయాలు, పచ్చ సంచుల్లో మొక్కజొన్న చిరుతిళ్ళు, అన్నింటిలోనూ ఒక్కో అగరొత్తి. పక్కన సోదరులు మొహం కడుక్కోడానికి తొట్టిలో నీళ్ళు, కొత్త తువ్వాలు. ఆ నెలలో దయ్యాలు అనకూడదు మరి, సోదరులనే అనాలి. కింద నుంచి సూ-లాన్ కేకేసింది. ఆవిడ కో గారి అక్క. కంపెనీలో సగం ఆవిడది, మిగతా సగం మీద పెత్తనమూ ఆవిడదే.

"ఒరే పో-యెన్! కాగితం తెచ్చావా?"

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. "ఆఁ, తెచ్చానక్కా! నా బల్ల మీద ఉంది!" అని అరిచేసి, వెనక మెట్ల మీంచి దిగి కొట్టుకి పరుగెత్తాడు. ఆవిడ పైకొచ్చేలోగా తిరిగొచ్చేస్తాననుకున్నాడు. కొట్టు ముందు ఊరంతా నిలబడి ఉంది.

రెండు కట్టలు చంకన పెట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చేసరికి ఇనప కుంపటి భగభగా మండుతోంది. పూజ అయిపోయింది. సూ-లాన్ షియే గారిని తీసుకురావడానికి కారులో రైలు స్టేషనుకి వెళ్ళింది. పో-యెన్ ఓ నిమిషం హమ్మయ్య అనుకున్నాడు. తరవాత బుర్ర పనిచేసింది. కాగితం నా చంకలో ఉంటే, కుంపట్లో మండుతున్నదేమిటి?

పైకి పరుగెత్తాడు. బల్ల మీద నోట్ల పెట్టె నోరు తెరుచుకుని ఉంది. లోపల ఖాళీ.

పెట్టె తిరగేసి దులిపాడు. బంగారు రేకు, పసుపు కాగితం, చూస్తే పూజ కాగితమే. పైగా 'నా బల్ల మీద ఉంది' అని తన నోటితో తనే చెప్పాడు. ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటారు. సూ-లాన్‌కి ఫోన్ చేసి "అక్కా, ఇందాక చెప్పింది అబద్ధం" అనే ధైర్యం ఆ కంపెనీలో ఎవరికీ లేదు, ఆవిడ తమ్ముడికి అసలే లేదు.

కిందకొచ్చి ఇనప చువ్వ అందుకుని కుంపట్లో కెలకడం మొదలుపెట్టాడు, ఒక్క నోటైనా మిగిలిందేమోనని.

"ఏయ్! ఏం చేస్తున్నావ్రా!" కో గారు కెవ్వుమన్నాడు. "కాలే డబ్బుని కెలుకుతావా? వాళ్ళకి చిరిగిన నోట్లు చేరతాయి! చిరిగిన నోట్లు తీసుకుని ఏ కొట్టుకెళ్తారు వాళ్ళు? రాత్రికి నా ఇంటికొస్తారు!"

"సార్, ఊరికే... సరిగ్గా కాలుతోందా లేదా అని..."

"చంకలో ఆ కట్టలేంటి? కాల్చు! క్షమించమని అడుగుతూ కాల్చు!"

కాల్చాడు. కళ్ళలో పొగ, మొహం నిండా మసి. ఆ కంగారులో పక్కనున్న తొట్టిలో రెండు చేతులూ ముంచి మొహం కడుక్కుని, కొత్త తువ్వాలుతో తుడుచుకున్నాడు కూడా. అది ఎవరి తొట్టో గుర్తొచ్చేసరికి కో గారు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే లూ మాస్టారు వచ్చాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని, చేతిలో పైనాపిల్ కేకుల పెట్టె.

"ఏం బాబూ, నోట్లు సర్దావా? ఓసారి చూసుకుంటాను."

పో-యెన్ తడి తువ్వాలు వెనక్కి దాచుకున్నాడు. "అవి... నమూనాకి అచ్చు వాళ్ళ దగ్గరికి పంపాం మాస్టారూ."

"అచ్చుకా?" ముసలాయన కళ్ళు మెరిశాయి. "అప్పుడే అచ్చుకి వెళ్ళిపోయిందా నా ఆట?"

పో-యెన్ ఔననలేదు. కాదనలేదు. అంతే చాలు, మాస్టారు గబగబా వెళ్ళి కో గారి రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ మేలు మరిచిపోను సార్. మా ఆవిడ ఉండుంటే మీకు నాలుగు గుడ్లేసి పెట్టేది."

కో గారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం మాడిపోయింది. తను చెప్పకుండా అచ్చుకి పంపగల మనిషి ఈ కంపెనీలో ఒక్కతే. అక్కని అడుగుదామా అనుకుని, అడిగితే పడే చీవాట్లు తలుచుకుని, ఓ పైనాపిల్ కేకు నోట్లో కుక్కుకుని ఊరుకున్నాడు.

పో-యెన్ మళ్ళీ కొట్టుకి పరుగెత్తాడు. నోట్లు లేకపోతే ఆటే లేదు. అంగట్లో సోదరులకి పంపే అచ్చు నోట్లు దొంతరలుగా ఉన్నాయి. అన్నిటికన్నా చిన్నది పది కోట్లు.

"ఇంతకంటే చిన్నవి లేవా మామ్మా? పదులు, ఇరవైలు? చిల్లర కావాలి."

కొట్టు మామ్మ కళ్ళజోడు పైకి తోసి ఎగాదిగా చూసింది. "పైకెళ్ళినవాళ్ళకి చిల్లరెందుకు నాయనా? బస్సెక్కుతారా?"

వేరే దారి లేదు. కోట్లే కొన్నాడు.

షియే గారు నాలుగింటికి వచ్చింది. సన్నటి మనిషి, చేతికి పూసల దండ, నవ్వని మొహం. గుమ్మంలోనే కో గారు, ఎలాగూ అచ్చయిపోతున్న సరుకు ఎలాగోలా అమ్మాలి కదా అని, వంగి దణ్ణం పెట్టి అనేశాడు. "రండి రండి. మీ మీద నమ్మకంతో అచ్చు కూడా మొదలుపెట్టేశాం."

"నేను ఆట చూడకముందే?" అంది ఆవిడ. "అయితే నేనెందుకు రావడం?"

ఆవిడ వెనకాల సూ-లాన్ తమ్ముడి వంక గుర్రుగా చూసింది. కో గారు అక్క వంక దీనంగా చూశాడు. అచ్చుకి పంపింది ఎదుటివాళ్ళేనని ఇద్దరూ అనుకున్నారు. తరవాత సూ-లాన్ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

బల్ల మీద బజారు పరిచారు. బళ్ళు, గిన్నెలు, గుడ్లు, అన్నీ చిన్న చిన్న చెక్క బొమ్మలు. షియే గారి మొహం కాస్త మెత్తబడింది. "మీ చేతికి ముందు కొంత డబ్బిస్తాం," అంటూ పో-యెన్ పది కోట్ల నోట్లు నాలుగు ఆవిడ ముందు పెట్టాడు. "ఏడు సున్నాలు లేవనుకోండి..."

ఆవిడ కుర్చీ వెనక్కి జరిగింది. చేతులు ఒళ్ళోకి లాక్కుంది.

"ఇవి వాళ్ళ డబ్బు కదూ? ఏడో నెలలో? నా చేతికా?"

 లూ మాస్టారు ఆ నోట్ల వంకా, పో-యెన్ వంకా మార్చి మార్చి చూశాడు. "నా నోట్లు అచ్చు దగ్గర ఉన్నాయన్నావు కదా బాబూ. ఇవెందుకు?"

ఇక దాచడం పో-యెన్ వల్ల కాలేదు. "అచ్చూ లేదు, ఏమీ లేదు మాస్టారూ. నేను వెండి కాగితం మరిచిపోయి అబద్ధమాడాను. నా బల్ల మీదున్న మీ నోట్లు పూజలో కాల్చేశారు. అన్నీ. ఆ-యింగ్ గారి బొమ్మ కూడా." అతనికి ఏడుపొచ్చేసింది, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

 మాస్టారు ఓ చెక్క గుడ్డు తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. "కాల్చారా," అన్నాడు మెల్లగా. "పోన్లే బాబూ. అయితే ఆవిడకే చేరాయన్నమాట. ఊరికే బొమ్మలు గీస్తూ కూచుంటావని తిట్టేది. ఇప్పుడు చూసుకుంటుందిలే."

షియే గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కో గారు ముక్కు చీదాడు. టీ పళ్ళెంతో గుమ్మంలోకొచ్చిన సూ-లాన్ ఒక్కొక్కళ్ళ మొహాన్నీ చూసింది.

"ఎవరు పోయారు?"

"మాస్టారి నోట్లు," అన్నాడు కో గారు. "నువ్వు కాల్చిన బంగారు కాగితం."

"నేనెందుకు కాలుస్తాను? బంగారం దేవుళ్ళకి, వెండి సోదరులకి. ఇంత వయసొచ్చి నాకా మాత్రం తెలీదా?" సూ-లాన్ పళ్ళెం ఠపీమని పెట్టింది. "వెండి తెమ్మంటే వీడు బంగారం పట్టుకొచ్చాడు, పైగా ఎవరో పిచ్చిగీతలు గీసిన పాతది! వీణ్ణి నమ్ముకోకుండా నేను తెచ్చుకున్న వెండే కాల్చాను. ఈ బంగారమంతా మూల గూట్లో దేవుడు, భూమి తాత ముందు పెట్టా, సాయంత్రం ఆయనకి కాలుద్దామని."

పో-యెన్ అలా ఎగిరి ఇలా మూల గూటి దగ్గర వాలాడు. తెల్లగడ్డం భూమి తాత ఎర్ర దీపాల మధ్య నవ్వుతూ కూచున్నాడు. ఆయన కాళ్ళ దగ్గర, ఎర్ర దారం కట్టి, పసుపు నోట్లన్నీ భద్రంగా ఉన్నాయి. పైనున్న నోటు మీద ఆ-యింగ్ నవ్వుతోంది.

"ఒరే, అయితే అచ్చుకి నిజంగా పంపలేదా?" కో గారికి అప్పటికి అసలు సంగతి తలకెక్కింది.

"ఎవరూ పంపలేదు సార్."

"హమ్మయ్య," అన్నాడాయన, మొహం తేటపడి. వెంటనే, "వెధవా!" అన్నాడు.

షియే గారు మాత్రం గూటి వంకే చూస్తోంది. "మధ్యాహ్నం నుంచీ ఆయన ముందే ఉన్నాయా? వ్యాపారం చూసుకునే తాత ముందు?" కుర్చీ ముందుకి జరిగింది. "తెండి, ఆడదాం."

ఆడారు. షియే గారు పట్టుబట్టి నూడుల్స్ బండి తీసుకుంది. కో గారు పెద్ద నోటిచ్చి ఒక్క గిన్నె కొన్నాడు, చిల్లర కోసం చెయ్యి చాపాడు. నియమాల కాగితం చూసుకుని ఆవిడ ఆ చేతిలో చెక్క గుడ్డు పెట్టింది. "తిను, నోర్మూసుకో అనాలని రాసుంది ఇక్కడ," అంది. అని, మొదటిసారి పకపకా నవ్వింది. రెండో ఆట ఆవిడే అడిగింది. మూడోది మధ్యలో ఆపి రైలు టికెట్టు మార్పించుకుంది. వెళ్ళేముందు మూడు వేల పెట్టెలకి ఆర్డరు రాయించి, ఒకే ఒక్క షరతు పెట్టింది. పంపేముందు ప్రతి పెట్టెనీ ఒకసారి భూమి తాత ముందు పెట్టాలి.

"ఆ పని వీడిది," అంది సూ-లాన్, పో-యెన్‌ని వేలితో చూపిస్తూ.

చీకటిపడే వేళకి ఆ కోట్ల నోట్లన్నిటినీ అసలు యజమానులకి పంపేశారు. కో గారు దగ్గరుండి కాల్పించాడు, చువ్వని మాత్రం తన వీపు వెనక దాచి పెట్టుకున్నాడు. తొట్టిలో నీళ్ళు మార్చి, ఇంకో కొత్త తువ్వాలు పెట్టారు. లూ మాస్టారు కూడా కుంపటి పక్కన కాసేపు నిలబడి, జేబు తడుముకుని, చేతులు జోడించి, బస్సుకి టైమైందంటూ బయల్దేరాడు.

పో-యెన్ పైకెళ్ళి బంగారు నోట్లు పెట్టెలో సర్దబోయాడు. లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, మెట్లు దిగి వీధిలోకి పరుగెత్తాడు.

"మాస్టారూ! ఆగండి! ఆ-యింగ్ గారి నోటు ఒకటి తక్కువొచ్చింది!"

మాస్టారు వెనక్కి తిరిగాడు. ఆయన చొక్కా జేబు మీద ఇంతేసి మసి మరక ఉంది.

"అది నా లెక్కలో ఉందిలే," అన్నాడు. "చిల్లర కోసం మాత్రం చూడకు బాబూ. వస్తే గుడ్డు వస్తుంది."