గొయ్యి ఒడ్డున ఉపవాసం

చోడవరంలో ఏసురత్నం ఉండే వీధికి పంచాయతీవాళ్లు ఒక పేరు పెట్టారు. దాన్ని ఎవరూ వాడరు. "గొయ్యి వీధి" అంటేనే ఆటోవాళ్లకి తెలుస్తుంది. వానాకాలంలో అందులో నీళ్లుంటాయి, ఎండాకాలంలో దుమ్ముంటుంది, గొయ్యి మాత్రం అన్ని కాలాల్లోనూ ఉంటుంది. వీధిలోకి కొత్త కోడలు వస్తే అత్తగారు ముందు చూపించేది వంటిల్లు కాదు, గొయ్యి.

రిటైరైన ఆర్టీసీ కండక్టర్ ఏసురత్నం ఇల్లు సరిగ్గా ఆ గొయ్యికి ఎదురుగా ఉంది. పైగా ఆయనకి కుడివైపు హెర్నియా. ఆటో గొయ్యిలో దిగినప్పుడల్లా పొట్ట పట్టుకుని దేవుణ్ణీ, పంచాయతీనీ ఒకే గుక్కలో తలుచుకుంటాడు.

అనకాపల్లిలో ఆయన ఆపరేషన్ ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. రెండుసార్లూ ఖాళీ కడుపుతోనే రమ్మన్నారు. మొదటిసారి "ఏటీ తినలేదండీ" అని, బల్ల ఎక్కబోతూ "టిఫినొక్కటే" అని కలిపాడు. ఆయన లెక్కలో తినడమంటే అన్నం తినడం. ఇడ్లీ అంటే ఇడ్లీ. రెండోసారి ఉత్త టీ తాగి వెళ్లాడు. అందులో ముంచిన బిస్కెట్లు కూడా టీ కిందే వస్తాయని ఆయన వాదన.

మత్తు డాక్టరు చేతులు జోడించాడు. "మత్తులో ఉండగా వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కడండీ. మూడోసారి కూడా ఇలాగే వస్తే వేరే ఆసుపత్రి చూసుకోండి."

భార్య జ్ఞానకుమారి భర్త నోటికి తాళం వెయ్యడం కుదరక వంటింటికి వేసింది. అదీ చాలదనిపించింది. పక్కింటి పోపు వాసనకి కూడా లొంగిపోయే మనిషాయన. అందుకని చర్చిలో స్త్రీల సమాజానికి కబురు పెట్టింది. ఆపరేషన్ రోజు పొద్దున్నే ఇంటి దగ్గర ఉపవాస ప్రార్థన. చుట్టూ ఎవరూ తినకపోతే ఆయన మాత్రం దేనికి ఆశపడతాడు? ప్రార్థన ముగియగానే ఆటో ఎక్కి అనకాపల్లి. ఇదీ ప్లాను.

స్త్రీల సమాజాన్ని పిలిస్తే సంఘమంతా వచ్చింది. చాపలు హాల్లోంచి వరండాలోకి, వరండాలోంచి వీధిలోకి వచ్చి గొయ్యి అంచున ఆగాయి. ఇంట్లో కూర్చోబెడితే ఊరగాయ జాడీ వైపే చూస్తున్నాడని, ఏసురత్నానికి కూడా గొయ్యి ఒడ్డునే కుర్చీ వేశారు.

ఎదురింటి సత్యారావుకి టెంట్ హౌసుంది. పళ్లు తోముకుంటూ బయటికి వచ్చి, చాప చివర కూర్చున్న సమాజం ఆవిణ్ణి పలకరించాడు.

"ఏటి క్రిస్టినమ్మా, పొద్దున్నే ఇంతమందున్నారు?"

"ఏసురత్నం గారు రాత్రినించి ఏటీ ముట్టుకోలేదు బాబూ. ఆయనతోపాటు మేవూను."

సత్యారావు గొయ్యిని చూశాడు. గొయ్యి ఒడ్డున పస్తున్న మనిషిని చూశాడు. నోట్లో బ్రష్షు ఆగిపోయింది. వీధి వీధంతా కలిసి చెయ్యలేని పనిని ఈయన ఎవరికీ చెప్పకుండా మొదలెట్టేశాడు! రోడ్డు కోసం నిరాహార దీక్ష!

"రత్నం గారూ, ఒక్క మాటైనా సెప్పలేదేటండీ! నానుండగా మీరు ఎండలో కూకోడవేటి?"

చూస్తుండగానే టెంటు లేచింది. మైకు వచ్చింది. ఏసురత్నం మెడలో బంతిపూల దండ పడింది. "ప్రభువు ఎవరి హృదయాన్నైనా ప్రేరేపిస్తాడు" అని పాస్టర్ ఆస్టిన్ గారు మైకు అందుకున్నారు. జ్ఞానకుమారి మాత్రం ఇంట్లో ఆసుపత్రి సంచీ సర్దుకుంటోంది. సత్యారావు అందరికీ ఫోన్లు చేస్తున్నాడు.

ఆ ఫోన్లలో ఒకటి అందుకుని లోకల్ ఛానల్ దిలీప్ వచ్చాడు.

"ఈ బాధ ఎన్నాళ్లనించండీ?"

"ఏళ్లనించి బాబూ. కుదిపినప్పుడల్లా ప్రాణం పోతంది."

"ఎవరికీ సెప్పుకోలేదా?"

"రెండుసార్లు ఎల్లేను. రెండుసార్లూ వాయిదాయే."

"మరిప్పుడేటి సేస్తారు?"

"ఏటి సేస్తాను? పనయ్యేదాకా మా ఆవిడ మంచినీళ్లు కూడా ముట్టనివ్వదట."

దిలీప్ కళ్లు చెమర్చాయి. అక్కడినుంచే వీడియో ఊరి మీదికి వదిలాడు.

ఈలోగా అనకాపల్లి వెళ్లాల్సిన ఆటో వీధి మొదట్లో ఆగి హారన్ కొడుతోంది. జ్ఞానకుమారి సంచీతో బయటికి వచ్చి నిర్ఘాంతపోయింది.

"సత్యారావు బాబూ, టెంటు తియ్యండి. మేం ఎల్లాలి!"

"ఇప్పుడెక్కడికమ్మా? అవతల ఈవో గారు బయల్దేరిపోయేరు!"

"ఏ ఈవో? ఎందుకు?"

జవాబు వచ్చేలోగా జీపే వచ్చింది. వెనకాల గ్రావెల్ ట్రాక్టరు. జీపులోంచి పంచాయతీ ఈవో దుర్గాదేవి దిగింది. ఆవిడ చేతిలో, దీక్ష విరమింపజెయ్యడానికి రివాజు ప్రకారం, గ్లాసుడు నిమ్మరసం.

"సార్, గొయ్యి ఇప్పుడే పూడ్పిస్తాం. ఇది పుచ్చుకోండి."

ఏసురత్నానికి మాటలు వినపడలేదు. గ్లాసు కనపడింది. చెయ్యి దానంతటదే లేచింది. జ్ఞానకుమారి ఒక్క గెంతులో వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆయన తాగరండీ!"

దుర్గాదేవి ఒకసారి ట్రాక్టరు వైపు చూసింది. "గ్రావెల్ చాలదా? సరే, సిమెంటు రోడ్డే వేయిస్తాం."

"సిమెంటు రోడ్డేస్తే తాగేస్తారేటండీ?"

"కాలవ కూడా కట్టిస్తాం."

"కుమారీ, ఒక్క గుక్కేనే..." అన్నాడు ఏసురత్నం.

"మీరు నోరు ముయ్యండి!"

మొగుడు మెత్తబడినా పెళ్లాం లొంగే రకం కాదని దుర్గాదేవికి అర్థమైంది. గొంతు తగ్గించింది. "వీధి పొడుగునా లైట్లు కూడా. ఇంతకుమించి నా చేతిలో లేదమ్మా. కెమెరా ముందు మాటిస్తున్నాను."

టెంటు చప్పట్లతో అదిరింది.

"ఓలమ్మో, లైట్లేటి, కాలవేటి! మా ఆయనకి ఇయ్యాల ఆపరేషనండీ! తాగితే మళ్లీ పంపించేస్తారు! దారియ్యండి!"

దుర్గాదేవి మొహంలో రంగు పోయింది. ఆవిడ చెవికి ఎక్కింది ఒక్క "ఆపరేషన్" మాటే. తన పంచాయతీలో దీక్ష ఆపరేషన్ దాకా వచ్చింది!

"టెంటు పీకండి! గొయ్యి పూడ్చండి! సార్‌ని నా జీపెక్కించండి!"

ఏళ్లనాటి గొయ్యి టీ తాగినంతసేపట్లో పూడిపోయింది. ఏసురత్నం దానిమీంచి, దండతో సహా, ఒక్క కుదుపైనా లేకుండా వెళ్లిపోయాడు. ఆ కంగారులో నిమ్మరసం దుర్గాదేవే తాగేసింది.

ఆసుపత్రిలో మత్తు డాక్టరు ఎదురొచ్చాడు. "ఈసారి టిఫినా, టీయా?" అని అడగడానికి నోరు తెరిచి, ఏసురత్నం మెడలో దండ చూసి, తన ఫోన్ చూసుకున్నాడు. అందులో, దిలీప్ వదిలిన కొత్త వీడియోలో, సాక్షాత్తూ ఈవో ఇస్తున్న నిమ్మరసానికి అడ్డుపడుతున్న జ్ఞానకుమారి కనిపిస్తోంది.

"అమ్మా, నా సర్వీసులో ఇలాంటి సాక్ష్యం తెచ్చిన పేషెంటు లేడు. రండి."

ఆపరేషన్ దివ్యంగా జరిగింది. కెమెరా ముందిచ్చిన మాట కాబట్టి, కుట్లు మానేలోపే సిమెంటు రోడ్డు, కాలవ, లైట్లు వచ్చేశాయి. మొదటిసారి రోడ్డు మీద నడిచిన రోజున ఏసురత్నానికి వీధి వీధంతా హారతి పట్టింది. స్త్రీల సమాజం జ్ఞానకుమారికి శాలువా కప్పింది.

చిక్కల్లా తరవాత వచ్చింది. వెనక వీధివాళ్లు బత్తాయిపళ్లు పట్టుకుని రోజూ వచ్చి కూర్చుంటున్నారు. వాళ్ల వీధికి కాలవ లేదు.

"మరి ఎడంవైపు ఎలాగుందండీ? ఏటైనా లాగుతందా?" అని ఆశగా అడుగుతున్నారు.

ఎడమవైపు రాయిలా ఉందని డాక్టరు రాసిచ్చాడు. ఆ మాట విని వాళ్ల మొహాలు వాడిపోతే చూడలేకపోతున్నాం. సత్యారావు అప్పుడే అక్కడ టెంటుకి గుంజలు పాతేశాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఇలాంటప్పుడు వీధివాళ్లకి ఏం సమాధానం చెప్పుకోవాలో తెలిసినవారు దయచేసి త్వరగా చెప్పండి, మీకు పుణ్యముంటుంది.

ఏసురత్నాన్ని అడిగితే మాత్రం, టిఫిను అడ్డురాదంటే ఎన్నాళ్ల దీక్షకైనా సిద్ధమేనంటున్నాడు.