లైట్‌హౌస్ మలుపు దగ్గరి బాత్రూమ్

"ఈ దీవిలో ఇకమీదట రోడ్డు ప్రమాదాలు జరగవు!" అని రహదారుల మంత్రిగారు రేవులో మైకు పట్టుకుని ప్రకటించిన రోజునే మేమిద్దరం హనీమూన్‌కి లాంచీ దిగాం. "ఒకవేళ జరిగితే నిమిషాల్లో హెలికాప్టర్ వస్తుంది! జరగవు కాబట్టి రాదు!" అని కూడా అన్నారు. మేం చప్పట్లు కొట్టాం. పెళ్లై పట్టుమని పది రోజులు కాలేదు. ఆ రోజుల్లో ఎవరేం ప్రకటించినా మా కోసమే అనిపించేది నాకు.

"ప్రమాదాలు జరక్కుండా ఎలా ఆపుతారండీ?" అని మావారిని అడిగాను.

"మంత్రిగారే జరగవన్నాక ఇంకెలా జరుగుతాయోయ్?" అన్నారాయన. మావారి తెలివితేటలు నాకు రోజుకొకటి చొప్పున బయటపడుతున్నాయి.

మర్నాడు పసుపుపచ్చ స్కూటర్ ఒకటి అద్దెకి తీసుకున్నాం. దాని హారన్ అచ్చం పిల్లికూతే. అది వినడానికే ఊరికే కొట్టుకుంటూ లైట్‌హౌస్ మలుపు దాకా వెళ్లాం. అక్కడ ఎదురుగా ఓ జీపు వచ్చింది. మర్యాద కోసం వచ్చిందంటున్నాను. నడుపుతున్నది సాక్షాత్తూ మంత్రిగారి బామ్మర్ది. టూరిస్టుల్ని ఎక్కించుకుని దీవి చుట్టూ తిప్పడం ఆయన వ్యాపారం. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో సెల్ఫీ. జనం ముద్దుగా రాకెట్ బాబు అంటారు.

స్కూటర్ ఒకవైపు, మావారు ఒకవైపు, నేను ఇసుకలో. నాకేం కాలేదు. ఆయన కాలు మాత్రం మోకాలి కింద కొత్తగా ఇంకో మలుపు తిరిగింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ, "ఎక్కడ జారిపడ్డారు?" అంది.

"జారిపడలేదండీ. జీపు గుద్దింది."

డాక్టరమ్మ తలుపు వైపు చూసింది. అక్కడ రోడ్డు భద్రతాధికారి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దీవిలో ప్రమాదాలు జరక్కుండా చూసే బాధ్యత ఆయనది. అందుకే రోడ్డు వదిలేసి ఆస్పత్రిలో కాపలా ఉన్నాడు.

"దీవిలో ప్రమాదాలు లేవమ్మా. నిన్న మంత్రిగారు చెప్పలేదూ? దెబ్బంటూ తగిలితే బాత్రూమ్‌లోనే తగలాలి."

"మేం లైట్‌హౌస్ మలుపు దగ్గరున్నామండీ!"

"ఆ బాత్రూమ్‌లోనే చాలామంది పడుతున్నారు తల్లీ" అన్నాడు జాలిగా.

డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. "ఎముక ముక్కలైంది. ఇక్కడ కట్టు కట్టగలను, అతికించలేను. అవతలి ఒడ్డున పెద్దాస్పత్రికి వెంటనే చేర్చకపోతే కాలు వంకరగానే ఉండిపోతుంది."

"హెలికాప్టరుందిగా?"

"ప్రమాదాలకేనమ్మా. బాత్రూమ్ వాళ్లకి లాంచీయే, అది మళ్లీ వచ్చేది ఆదివారం."

ఆ రోజు గురువారం.

వార్డు నిండా బాత్రూమ్‌లో పడ్డవాళ్లే. పక్క మంచం మీది పెద్దాయన వీపున టైరు గుర్తు ఎంత స్పష్టంగా పడిందంటే, కంపెనీ పేరు చదవచ్చు. "మీ బాత్రూమ్‌కి ఎన్ని గేర్లు బాబాయిగారూ?" అన్నారు మావారు. "రివర్సు కూడా ఉంది నాయనా. వెనక్కొచ్చి చూసి మరీ వెళ్లాడు!" అన్నాడాయన. అంత నొప్పిలోనూ మావారు నవ్వారు. నేను ఆయన కట్టు మీద లిప్‌స్టిక్‌తో గుండె బొమ్మ వేశాను.

శుక్రవారం ఆ మలుపులోనే 'ప్రమాదరహిత దీవి' బోర్డు ఆవిష్కరణ. ఆస్పత్రి కిటికీలోంచి మైకు చక్కగా వినిపించింది.

"మా హయాంలో రోడ్డు మీద ఏ ఒక్కరికీ..." అంటున్నారు మంత్రిగారు.

"బావా, పక్కకి!" అని ఇంకో గొంతు.

తర్వాత మైకు దొర్లిన చప్పుడు.

కాసేపటికి మంత్రిగారిని ఆ బోర్డు మీదే పడుకోబెట్టి మోసుకొచ్చారు. వాళ్లతోపాటే వచ్చిన భద్రతాధికారి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎక్కడ జారిపడ్డారు సార్?"

"జారిపడ్డమేంటయ్యా! మా బామ్మర్ది గుద్దేశాడు! నువ్వు నా పక్కనే ఉన్నావుగా!"

"ఉన్నాను సార్. బాత్రూమ్‌లో మీ పక్కనే ఉన్నాను."

"నోర్ముయ్! ముందు హెలికాప్టర్ పిలువు!"

"పిలిస్తే ప్రమాదం జరిగినట్టవుతుంది సార్. బయట పత్రికలవాళ్లున్నారు."

మంత్రిగారు తలుపు వైపు చూశారు. తన కాలి వైపు చూసుకున్నారు. కిందున్న బోర్డు వైపు చూశారు. ఒక ప్రజానాయకుడు అంత దగ్గర్లో ఆలోచిస్తుండగా చూడడం నాకదే మొదటిసారి.

"దేని మీద జారాను?" అన్నారు చివరికి.

"సబ్బు సార్."

"సబ్బు" అని మంత్రిగారు ఒప్పుకున్నారు.

ఆదివారం అందరం కలిసి లాంచీలో వెళ్లాం. మంత్రిగారు, మావారు, బాబాయిగారు ఒకే వరసలో, మూలుగుల్లో కూడా సమానంగా. అవతలి రేవులో విలేఖరులు చుట్టుముడితే మంత్రిగారు స్ట్రెచర్ మీంచే చెయ్యి ఊపి ప్రకటించారు: "బాత్రూమ్ భద్రతే ఇక మా ధ్యేయం! స్నానానికి హెల్మెట్ తప్పనిసరి!" అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టాం.

మావారి కాలు అతుక్కుంది, వంకరగా. నడుస్తుంటే నా వైపే ఒరుగుతారు. ఆ ఒరగడం నాకు నచ్చిందని ఆయనతో చెప్పాను. డాక్టరుతో చెప్పలేదు.

బాత్రూమ్ భద్రతా కమిటీకి రాకెట్ బాబుని అధ్యక్షుణ్ణి చేశారని మొన్న పేపర్లో చదివాను. ప్రభుత్వం కొత్త జీపు ఇచ్చిందట. తనిఖీలు లైట్‌హౌస్ మలుపు నుంచి మొదలుపెట్టాడట.