జమేదారు పోయాడు

రాత్రి వాన వెలిసింది. తెల్లవారగానే గొర్రు కట్టి జొన్న విత్తాలని యోబు, హన్నమ్మ అనుకున్నారు. పదును ఆరిందంటే ఆ ఏడు గింజలుండవు. తీరా చూస్తే కొట్టంలో ఒక్క ఎద్దే ఉంది. రెండోదాని పలుపు కోసి ఉంది. మూతి మీద నల్లమచ్చ అచ్చం ఠాణా జమేదారు మీసంలా ఉంటుంది కనుక దాని పేరు జమేదారు.

యోబు చేలకు అడ్డంపడి వెతకబోయాడు. హన్నమ్మ పక్కూరి ఠాణాకు పరుగెత్తింది. అక్కడ వారం కిందటే బదిలీ మీద వచ్చిన కానిస్టేబులు ఇస్మాయిల్ ఒక్కడే ఉన్నాడు. అతని బెంగ అతనిది. ఠాణా జమేదారు కాశింఖాన్ రాత్రి నుంచి కనిపించడంలేదు.

"బాబూ, జమేదారు పోయాడు! రాత్రి మా ఇంట్లోనే ఉన్నాడు."

"మీ ఇంట్లోనా?"

"మరేడుంటాడు? కడుపునిండా పెట్టి, వీపు రుద్ది పడుకోబెట్టా. ఎవురో తోలకపోయారయ్యా! వాగు దాటించారంటే కోసుకుతింటారు!"

ఇస్మాయిల్ టోపీ మరిచి వీధిలోకొచ్చి ఈల ఊదాడు. ఊరు కర్రలతో వచ్చింది. జమేదారు భార్య హజ్రా బీ అట్లకాడతో వచ్చింది.

"ఏమే, మా ఆయన వీపు రుద్దావంట?"

"మీ ఆయన వీపు నాకెందుకమ్మా? మా జమేదారు వీపు రుద్దుకున్నా!"

"మీ జమేదారా!" అట్లకాడ పైకి లేచింది.

ఇస్మాయిల్ మధ్యలో దూరాడు. "ముందు మనిషి దొరకనీయండి, తర్వాత పంచుకుందురు!"

జనం వాగువైపు కదిలారు, హజ్రా బీ అందరికంటే ముందు. అప్పుడే బొగ్గుతో నడిచే నరసరావుపేట బస్సు దిగిన లుంగీ మనిషి, కళ్ళు తప్ప ముఖమంతా తువ్వాలు చుట్టుకుని, ఏదో అనబోయాడు.

"మాటలొద్దు తాతా, నడువు!" అని ఇస్మాయిల్ అతని చేతిలో కర్ర పెట్టాడు.

పొంగిన వాగు ఒడ్డున ఇద్దరు దొంగలు ఎద్దుతో నిలబడి ఉన్నారు. ఒక్క ఎద్దుకోసం ఇంత ఊరు మీదపడటం చూసి ఒకడు నీళ్ళలో దూకాడు. రెండోవాణ్ణి తువ్వాలు మనిషి ఒక్క పట్టుకు పడగొట్టాడు. తువ్వాలు ఊడింది.

"జమేదారుగారూ!" ఇస్మాయిల్ సెల్యూట్ కొట్టాడు.

"మా జమేదారే!" హన్నమ్మ ఎద్దు మెడ వాటేసుకుంది.

హజ్రా బీ ఎద్దు మూతి చూసింది, మొగుడి మూతి చూసింది. నవ్వాపుకోలేక అట్లకాడ జారవిడిచింది.

పేటలో పన్ను పీకించుకొచ్చిన నోటితో జమేదారు అడిగాడు: "ఎద్దు పోయిందంటే ఏం చేసేవాడివిరా?"

"రేపు రమ్మనేవాణ్ణి సార్," అన్నాడు ఇస్మాయిల్, నిజాయితీగా.

"చల్లగుండండయ్యా," హన్నమ్మ కళ్ళొత్తుకుంది. "మా గింజలు నిలబెట్టారు. ప్రభువు నీకా పన్ను మళ్ళీ మొలిపించాల."

మధ్యాహ్నానికి గొర్రు కదిలింది. నేలలో పదును ఇంకా ఉంది.

సాయంత్రం యోబు జమేదారు జత ఎద్దుకు కలెక్టరని పేరు మార్చాడు.