తీయని పన్ను

శనివారం ఉదయం హేమసుందర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పది గంటలకి గవర్నరుపేటలో జ్ఞానదంతం పీకించుకోవడం, పన్నెండుకల్లా గుణదలలో ఇంటికి చేరడం, భార్య తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టిన వెనీలా ఐస్‌క్రీము తిని ఆదివారం సాయంత్రం దాకా మంచం దిగకపోవడం. సోమవారం మామూలుగా ఇరిగేషన్ ఆఫీసుకి వెళ్లిపోవచ్చు.

ఆ పన్ను ముప్పై ఎనిమిదో ఏట, ఎవరూ పిలవకుండా, కింది దవడలో ఎడమవైపు చివర మొలిచింది. నిలబడ్డానికి చోటు లేక అడ్డంగా పడుకుని పక్క పన్నుని తోస్తోంది. "ఇన్నాళ్లకి జ్ఞానం వస్తోంది, రానివ్వండి సార్" అని ఆఫీసులో పదకొండు మంది జోకు వేశారు. ప్రతివాళ్లూ అది తమకే తోచినట్టు వేశారు. హేమసుందర్ పదకొండుసార్లూ నవ్వాడు. నవ్వినప్పుడల్లా దవడ సలిపింది.

"నేనూ రానా?" అని అడిగింది నాగమల్లేశ్వరి, గుమ్మం దగ్గర.

"ఒక్క పన్నుకి ఇద్దరం ఎందుకు?" అన్నాడు హేమసుందర్. అప్పటికి ఆయన ధైర్యం నిజమైనదే.

క్లినిక్ మేడ మీద ఉంది. డాక్టరు సుధామణి ముప్పై దాటని, పొడుగ్గా ఉండే, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఎక్స్‌రే చూపించి, పన్ను ఎలా పడుకుందో చెప్పి, ఇంజెక్షన్ ఇచ్చింది. "పది నిమిషాలు బయట కూర్చోండి. బుగ్గ మొద్దుబారాక పిలుస్తాను" అంది.

హేమసుందర్ బయట బెంచీ మీద కూర్చున్నాడు. పెదవి సగం తనది కాకుండా పోయింది. అప్పుడు లోపలినుంచి డాక్టరు గొంతు వినిపించింది. నర్సుతో అంటోంది.

"అది చిన్నది. ఇంకా పెద్దది తీసుకురా."

కాసేపు ఏదో వెతుకుతున్న చప్పుడు.

"ఇదీ చాలదమ్మా. అన్నిటికంటే పెద్దది ఉంటుంది చూడు."

హేమసుందర్ కాస్త గాలి పీల్చుకుందామని లేచాడు. మెట్ల దగ్గర గాలి సరిగా లేదనిపించి కిందికి దిగాడు. కింద కూడా సరిపోలేదు. బస్టాపు దాకా వెళ్లాడు. అక్కడ గుణదల బస్సు ఆగి ఉంది. తను పారిపోతున్నానన్న సంగతి కండక్టరు టికెట్ చేతిలో పెట్టాకగాని ఆయనకి తెలియలేదు.

ఇంటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేద్దామనే అనుకున్నాడు. పదకొండేళ్లు కాపురం చేసిన భార్య దగ్గర దాపరికం ఏమిటి? తలుపు తీయగానే, "పారిపోయొచ్చా" అన్నాడు. పెదవులు కలిస్తే కదా 'ప' పలికేది. "ఆయిఓయిచ్చా" అని బయటికొచ్చింది.

"అయిపోయిందా!" అంది నాగమల్లేశ్వరి. ఆమె కళ్లు చెమర్చాయి. "దేవుడా, పొద్దుట్నించీ నా ప్రాణం నా దగ్గర లేదండీ. నొప్పెట్టిందా? కూర్చోండి. మాట్లాడకండి, అస్సలు మాట్లాడకండి."

ఫ్యాను కింద కూర్చోబెట్టింది. తల వెనక దిండు పెట్టింది. కాళ్ల కింద ఇంకో దిండు పెట్టింది. పెళ్లయిన కొత్తలో టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా ఆయనకి ఇంత సేవ జరగలేదు. హేమసుందర్ రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ ఆమె చేత్తో మూసేసింది. మూడోసారి తెరవాలని ఆయనకే అనిపించలేదు.

"ఉండండి, అమ్మవాళ్లకి చెప్పొస్తాను" అని ఆమె పక్కింటికి వెళ్లింది. ఇంట్లో ఫోను లేదు. చుట్టాలకీ, ఆఫీసుకీ, డాక్టర్లకీ వాళ్లు ఇచ్చుకునేది పక్కింటి శౌరమ్మ గారి నంబరే.

శౌరమ్మ గారు ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. సంగతి వినగానే నాగమల్లేశ్వరిని ఫోను దగ్గర వదిలేసి తనే స్వయంగా వచ్చింది. హేమసుందర్ బుగ్గని అటూ ఇటూ తిప్పి చూసింది.

"వాపేదీ బాబూ? రక్తం మరకైనా లేదు! నేను ఎన్ని పళ్లు చూశాను, ఎన్ని బుగ్గలు చూశాను! పన్ను పీకిన మనిషి ఇంత నున్నగా ఇంటికి రావడం ఎక్కడా లేదు. ఎవరా డాక్టరు?"

హేమసుందర్ జేబులోంచి క్లినిక్ చీటీ తీసి ఇచ్చాడు. ఆ చీటీ సాయంత్రానికి వీధంతా తిరిగింది.

పక్కింటి నుంచి తిరిగి వచ్చిన నాగమల్లేశ్వరి కాసేపు ఆయన వంక చూసి, కాళ్ల కింద దిండు తీసేసింది. ఐస్‌క్రీము సంగతి ఎత్తలేదు. బియ్యపు నూక జావ కాచి, చల్లార్చి, ఉప్పు కూడా వేయకుండా ఇచ్చింది. "ఉప్పు తగిలితే మండుతుందట" అంది.

ఆదివారం పొద్దున్న మొద్దుతనం పూర్తిగా పోయి, పన్ను తన పని తాను మొదలుపెట్టింది. నొప్పి అని చెప్పుకోవడానికి మాత్రం ఇబ్బంది లేదు. "తీసిన చోట సలుపుతుందిలే నాయనా" అంది శౌరమ్మ గారు, అప్పుడే గుడి నుంచి వస్తూ. "గుణదల మాత దగ్గర నీ పన్ను పేరు మీద కొవ్వొత్తి వెలిగించి వస్తున్నాను. నొప్పి తెలియకుండా ఊడిపోయిందని కృతజ్ఞతలు చెప్పుకున్నాను."

హేమసుందర్ తల దించుకున్నాడు. ఆవిడ అది వినయం అనుకుంది.

పదకొండు గంటలకి బందరు నుంచి అత్తమామలు దిగారు. మామగారు సూరయ్య గిలకలదిండిలో నలభై ఏళ్లు సముద్రం మీద బతికిన మనిషి. ఒకసారి తుఫానులో బోటు తిరగబడితే, ఖాళీ డబ్బా పట్టుకుని రెండు పూటలు నీళ్లలో ఉండి ఒడ్డుకి వచ్చినవాడు. ఆయనకి చివరి పన్ను పుచ్చి మూడు నెలలైంది. ఒక బుగ్గ అప్పుడప్పుడు కొబ్బరికాయలా అవుతోంది. డాక్టరు అనే మాట ఎత్తితే మాత్రం పడవ దగ్గర పని ఉందని వెళ్లిపోతున్నాడు.

"అల్లుడు పీకించుకున్నాడని మల్లేశ్వరి ఫోన్ చేసింది గనక కదిలాడు" అంది అత్తగారు రత్తమ్మ, బుట్ట దించుతూ. "పామర్రు దాకా బాగానే కూర్చున్నాడు. ఉయ్యూరు రాగానే నొప్పి తగ్గిపోయింది, దిగిపోదామంటాడు. నేను ఇవతలి సీట్లో అడ్డం కూర్చున్నాను గనక ఇక్కడికి చేరాడు."

సూరయ్య అల్లుడి పక్కన మంచం మీద కూర్చుని, చాలాసేపు గోడ మీద క్యాలెండరు చూశాడు.

"కిక్కురుమనలేదంట గదా, అల్లుడుగారూ?"

"ఏదో లెండి మామయ్యగారూ" అన్నాడు హేమసుందర్. ఆ మాటలో అబద్ధం లేదని తనకి తాను చెప్పుకున్నాడు.

"రేపు మీరు పక్కనుంటేనే కూర్చుంటాను. లేకపోతే కూర్చోను. ముందే చెప్తున్నాను."

మధ్యాహ్నం రత్తమ్మ తెచ్చిన పండుగప్ప చేపతో పులుసు పెట్టారు. ఆ వాసనకి శౌరమ్మ గారు కూడా వచ్చి భోజనానికి కూర్చుంది. హేమసుందర్‌కి మళ్లీ జావ వచ్చింది. "రెండు రోజులు ముల్లున్న వస్తువు దగ్గరికి రానివ్వకూడదండీ" అంది నాగమల్లేశ్వరి, తన పళ్లెంలో మరో ముక్క వేసుకుంటూ. భోజనాల మధ్యలో శౌరమ్మ గారు ఇంకో వార్త చెప్పింది. ఎదురింటి రిటైర్డు హెడ్మాస్టరు గారు, ఆయన భార్య కూడా రేపు వస్తున్నారు. ఇద్దరికీ కలిపి నాలుగు పళ్లు తీయించాలి. హేమసుందర్ గారు దారి చూపిస్తే చాలునని కబురు పంపారు.

సోమవారం పొద్దున హేమసుందర్ ఆఖరి ప్రయత్నం చేశాడు. "ఆఫీసులో కాలువ లెక్కల తనిఖీ ఉంది. నేను లేకపోతే కుదరదు."

"సెలవని రాత్రే మీ ఆఫీసరు గారింటికి ఫోన్ చేసి చెప్పేశాను" అంది నాగమల్లేశ్వరి. "మీరు లేకపోయినా కుదురుతుందట."

తొమ్మిదిన్నరకి ఏడుగురు మనుషులు రెండు ఆటోల్లో బయల్దేరారు. క్లినిక్ ముందు దిగాక సూరయ్య మొదటి మెట్టు మీద ఆగి, ఊరంతా కలియజూసి, రెండో మెట్టు మీద కాలు పెట్టాడు. ఆయన వేగం చూస్తే పైకి చేరడానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఆ అయిదు నిమిషాలే తనకున్న గడువని హేమసుందర్‌కి అర్థమైంది. "టోకెన్లు తీస్తాను" అని మెట్లు రెండేసి చొప్పున ఎక్కేశాడు.

డాక్టరు సుధామణి ఆయన్ని చూసి లేచి నిలబడింది.

"వచ్చారా! ఏమండీ, ఇంజెక్షన్ చేసిన మనిషి మాయమైపోతే నాకెలా ఉంటుంది? ఎక్కడ కళ్లు తిరిగి పడిపోయారో అని కింద మందుల షాపులో, బస్టాపులో అంతా వెతికించాను."

హేమసుందర్ చేతులు జోడించాడు. జరిగింది మొత్తం గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. పెద్దది, ఇంకా పెద్దది, అన్నిటికంటే పెద్దది అని తను విన్న మాటలు కూడా చెప్పాడు. "ఇప్పుడు మా మామగారు నన్ను చూసే వచ్చారండీ. నేను పారిపోయానని తెలిస్తే ఆయన ఈ జన్మలో కుర్చీ ఎక్కరు. దయచేసి నాది తీసేసినట్టే మాట్లాడండి."

డాక్టరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు.

"నేనడిగింది గ్లౌజుల సైజండీ! ఆ అమ్మాయి ఇచ్చినవి నా చేతికి పట్టలేదు."

గుమ్మం దగ్గర అలికిడైంది. సూరయ్య నిలబడి ఉన్నాడు. అయిదు నిమిషాలు పడుతుందనుకున్న మనిషి వెనకనుంచి రత్తమ్మ తోయడం వల్ల రెండు నిమిషాల్లోనే చేరాడు. అంతా విన్నాడని ముఖం చూస్తేనే తెలుస్తోంది. హేమసుందర్‌కి నేల చీలితే బాగుండుననిపించింది.

"మీరూ పారిపోయారా, అల్లుడుగారూ?"

"పారిపోయాను మామయ్యగారూ."

సూరయ్య నెమ్మదిగా వచ్చి కుర్చీ పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాడు హేమసుందర్. నవ్వుతున్నాడు.

"మూణ్ణెల్ల నుంచీ నాలో నేను చచ్చిపోతున్నానయ్యా. నీళ్లలో బతికినోణ్ణి, చిన్న పన్నుకి జడుస్తున్నానని ఎవరికి చెప్పుకోను? దాని మీద, కుర్చీలో పనిచేసుకునే మా అల్లుడు కిక్కురుమనలేదని ఫోనొచ్చింది. రెండు రోజులు కంటి మీద కునుకు లేదు. ఆ మాట మొన్నే చెప్పుంటే హాయిగా పడుకునేవాణ్ణి గదా!"

"నాకిప్పుడు కూడా పారిపోవాలనే ఉంది మామయ్యగారూ."

"వీలుకాదు. మెట్ల మీద మీ అత్త కూర్చుంది."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అల్లుడూ మామా అయిన పదకొండేళ్లలో వాళ్లు పండగలకి బాగున్నారా అంటే బాగున్నామని తప్ప ఇంత మాట్లాడుకున్నది లేదు.

అప్పుడు నాగమల్లేశ్వరి లోపలికి వచ్చింది. "డాక్టరుగారూ, నే చెప్పినట్టు రెండు కుర్చీలూ ఖాళీగా ఉంచారాండీ?"

హేమసుందర్ తల తిప్పి చూశాడు.

"మొన్న మీరిచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే ఈవిడే ఎత్తారు" అంది డాక్టరు, కాస్త మొహమాటంగా.

"అప్పుడే అమ్మతో మాట్లాడి పెట్టేశాను" అంది నాగమల్లేశ్వరి. "అల్లుడు తీయించుకున్నాడంటే నాన్న వస్తానన్నాడని అమ్మ ఎంత సంతోషపడిందో! పెట్టిన చెయ్యి ఇంకా తీయలేదు, ఈవిడ ఫోను. మూణ్ణెల్లకి కదిలిన మనిషిని మళ్లీ ఎలా ఆపనండీ? ఎటూ సోమవారం ఇద్దరినీ కుర్చీ ఎక్కిస్తే అబద్ధం నిజమైపోతుంది కదా అనుకున్నాను."

"మరి ఆ జావ?" అన్నాడు హేమసుందర్.

"అది మాత్రం కోపంతోనే ఇచ్చాను."

"నా కొవ్వొత్తి సంగతేంటమ్మా?" అంది గుమ్మంలోంచి శౌరమ్మ గారు.

"ఒక్క రోజు ముందు వెలిగించారంతే పిన్నిగారూ."

పక్కపక్క కుర్చీల్లో ఇద్దరికీ ఇంజెక్షన్లు అయ్యాయి. డాక్టరు ముందు హేమసుందర్ దగ్గరికి వచ్చింది. సూరయ్య చెయ్యి చాపి అల్లుడి చెయ్యి పట్టుకున్నాడు. వలలు లాగిన చెయ్యి అది. ఆ పట్టుకి హేమసుందర్ దవడ సంగతి మరిచిపోయి, వేళ్లు మిగులుతాయా లేదా అని ఆందోళన పడ్డాడు. పన్ను ముక్కలుగా బయటికి వచ్చిందని, కుట్లు కూడా పడ్డాయని, పళ్లెంలో చప్పుడయ్యాక డాక్టరు చెబితేనే తెలిసింది. తరవాత ఆయన మామగారి చెయ్యి పట్టుకున్నాడు. తన శక్తి కొద్దీ గట్టిగానే పట్టుకున్నాడు గానీ, సూరయ్య కళ్లు మూసుకుని "పట్టుకున్నారా?" అని రెండుసార్లు అడగవలసి వచ్చింది. ఆయన పన్ను నిటారుగా ఉండడం వల్ల అయిదు నిమిషాల్లో ఊడింది.

"నాన్నగారి దవడ ఇరుకు. ఇలాంటివి పిల్లలకీ వస్తుంటాయి" అంది డాక్టరు, చేతులు కడుక్కుంటూ. "మీకేమైనా ఇబ్బంది ఉందా అమ్మా?"

"నాకేం లేదండీ" అంది నాగమల్లేశ్వరి.

"ఎందుకు లేదు డాక్టరమ్మా?" అంది మెట్లు వదిలి లోపలికొచ్చిన రత్తమ్మ. "ఆర్నెల్ల నుంచి బుగ్గన లవంగం పెట్టుకు తిరుగుతోంది. మొగుడికి చెప్పొద్దని నా దగ్గర ఒట్టు కూడా వేయించుకుంది."

"అయితే ఒక్కసారి కూర్చోండి, చూసేస్తాను."

"అయ్యో, స్టవ్ మీద పప్పు పెట్టి వచ్చేశాను!" అంటూ నాగమల్లేశ్వరి గుమ్మం దాటింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు కింది దాకా వేగంగా వినిపించింది.

ఆ పొద్దున ఇంట్లో స్టవ్ వెలిగించలేదని, ఇడ్లీలు హోటలు నుంచి వచ్చాయని హేమసుందర్‌కీ తెలుసు, సూరయ్యకీ తెలుసు. కానీ అరగంట దాకా ఇద్దరూ నోరు తెరవకూడదని డాక్టరు గట్టిగా చెప్పింది.